గాయానికి కాపలా కాసిన వైద్యుడు – జోసెఫ్ లిస్టర్

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
• జోసెఫ్ లిస్టర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• గాయం చీము పట్టడానికీ, మానడానికీ కారణాలు వివరించగలుగుతారు.
• మానుతున్న గాయం ఎందుకు దురద పెడుతుందో తెలుసుకుంటారు.
• ఇంట్లో చిన్న గాయాల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు పాటించగలుగుతారు.

1. ప్రవేశిక

ఆటలో పడి మోకాలు దోక్కుపోయిన పిల్లలను మీరు చూసే ఉంటారు. మొదటిరోజు మంట, నొప్పి ఉంటాయి. రెండు మూడు రోజులకు గాయం మీద పక్కు కడుతుంది. ఆ తర్వాత దురద మొదలవుతుంది. చెయ్యి ఊరుకోదు. గోటితో గీరితే పక్కు ఊడి మళ్లీ రక్తం వస్తుంది. దురద పుడితే పుండు మానుతున్నట్లేనని మన పెద్దలు అంటారు. ఆ మాట చాలావరకు నిజమే. అయితే ఆ దురద ఎందుకు పుడుతుంది? గోకితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ముందు గాయం ఎలా మానుతుందో తెలియాలి. ఇప్పుడు చాలా తేలికగా కనిపించే ఈ విషయం సుమారు నూట అరవై ఏళ్ల క్రితం పెద్ద పెద్ద వైద్యులకు కూడా సరిగా తెలియదు. గాయాన్ని శరీరమే మాన్చుకుంటుందనీ, దానికి అడ్డు రాకుండా కాపాడటమే వైద్యుని పని అనీ ఆచరణలో చూపినవాడు జోసెఫ్ లిస్టర్. ఆయన జీవితకథ ఈ పాఠం.

2. బాల్యం, విద్య

లిస్టర్ 1827 ఏప్రిల్ 5న ఇంగ్లండులో, లండన్ నగరానికి సమీపంలోని అప్టన్ గ్రామంలో జన్మించాడు. వారిది క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. ఆడంబరం లేని జీవితం, నిజాయితీ, కష్టపడి పనిచేయడం ఆ ఇంటి పద్ధతులు. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ ద్రాక్షసారా వ్యాపారి. కాని ఆయన మనసంతా సూక్ష్మదర్శిని మీదే ఉండేది. ఆనాటి సూక్ష్మదర్శినుల్లో వస్తువుల చుట్టూ రంగుల అంచులు కనిపించి, బొమ్మ మసకగా ఉండేది. ఆ లోపాన్ని తగ్గించే కటకాల అమరికను ఆయన కనిపెట్టాడు. అందుకు రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

అటువంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి కంటికి కనిపించని లోకంతో చిన్నప్పుడే పరిచయం కలిగింది. తాను శస్త్రవైద్యుణ్ణి కావాలని లిస్టర్ చిన్ననాడే నిర్ణయించుకున్నాడు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేరి 1847లో బి.ఏ., 1852లో వైద్యపట్టా పొందాడు. మధ్యలో మశూచి సోకి, మనసు కూడా క్రుంగిపోయి కొంతకాలం చదువు ఆపవలసి వచ్చింది. కోలుకున్న తర్వాత తిరిగి చదువు కొనసాగించాడు.

1853లో ఆయన స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకు వెళ్లాడు. అక్కడ జేమ్స్ సైమ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని దగ్గర పనిచేశాడు. 1856లో సైమ్ కుమార్తె ఆగ్నెస్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె భర్త పరిశోధనలన్నింటిలో పాలుపంచుకుంది. ప్రయోగాలలో సహాయం చేస్తూ, గంటల తరబడి కూర్చుని ఆయన చెప్పిన విషయాలను నోటు పుస్తకాల్లో రాసిపెట్టేది.

ఆ రోజుల్లో లిస్టర్ కప్ప పాదంలోని పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి పరిశీలించాడు. దానికి వేడినీరో, ఆవపిండో తగిలించి, లోపలి రక్తనాళాలు ఎలా ఉబ్బుతాయో, రక్తం ఎలా నెమ్మదిస్తుందో చూశాడు. దెబ్బ తగిలిన చోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి ఎందుకు వస్తాయన్నది ఆయన ప్రశ్న. గాయం మానడంలో మొదటి మెట్టు ఇదే.

3. ఆనాటి ఆసుపత్రులు

1846 నుండి మత్తుమందు వాడకం వ్యాపించింది. రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయడం సాధ్యమైంది. అందువల్ల శస్త్రచికిత్సలు పెరిగాయి. కాని ఆ తర్వాత బతికేవారి సంఖ్య పెరగలేదు. కత్తి వేటుకు తట్టుకున్న రోగి, వారం పది రోజుల తర్వాత గాయం కుళ్లి చనిపోయేవాడు.

అప్పటి వైద్యులు రక్తపు మరకలతో గట్టిపడిన పాత కోటు తొడుక్కుని శస్త్రచికిత్స చేసేవారు. ఒక రోగికి వాడిన పరికరాన్ని సరిగా కడగకుండానే మరొక రోగికి వాడేవారు. గాయానికి చీము పట్టడం సహజమనీ, కొన్ని రకాల చీము మంచిదేననీ చాలామంది నమ్మేవారు. గాయాలు కుళ్లడానికి చెడుగాలి కారణమని మరికొందరు అనేవారు.

1860లో లిస్టర్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స ఆచార్యుడయ్యాడు. మరుసటి సంవత్సరం గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రిలో వార్డుల బాధ్యత తీసుకున్నాడు. ఆ భవనం కొత్తది. అయినా వార్డుల్లో మరణాలు తగ్గలేదు. కింది అంతస్తు నేలకు కొద్ది అంగుళాల లోతులోనే, 1849లో కలరాతో చనిపోయినవారి శవపేటికలు ఉన్నాయని తర్వాత బయటపడింది. ఫ్యాక్టరీల్లో, రోడ్ల మీద గాయపడ్డ పేదలు ఆ ఆసుపత్రికి వచ్చేవారు. 1864, 1866 సంవత్సరాల్లో పాత పద్ధతిలో కాలో, చెయ్యో తీసివేసిన 35 మందిలో 16 మంది మరణించారు. అంటే ఇంచుమించు సగం మంది.

లిస్టర్‌ను ఒక విషయం ఆలోచింపజేసింది. ఎముక లోపలే విరిగి, చర్మం చెక్కుచెదరకుండా ఉంటే రోగి మామూలుగా కోలుకుంటాడు. అదే ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తే గాయం కుళ్లుతుంది. రెండింటిలోనూ విరిగింది ఎముకే. తేడా చర్మంలో ఉంది. తలుపు తెరుచుకోగానే బయటినుండి ఏదో లోపలికి ప్రవేశిస్తోంది. అదేమిటి?

4. పాశ్చర్ చూపిన దారి

1865లో గ్లాస్గోలోని రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్, ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ రచనలను లిస్టర్ దృష్టికి తెచ్చాడు. ద్రాక్షరసం పులియడానికీ, మాంసరసం కుళ్లడానికీ సూక్ష్మజీవులు కారణమని పాశ్చర్ నిరూపించాడు. గాలి తగిలినా, అందులోని దుమ్ము, సూక్ష్మజీవులు చేరకుండా చూస్తే ఆ రసం ఎంతకాలమైనా చెడిపోలేదు.

మాంసరసం కుళ్లడం, గాయం కుళ్లడం ఒకటేనని లిస్టర్ గ్రహించాడు. సూక్ష్మజీవులను తొలగించడానికి పాశ్చర్ మూడు మార్గాలు చెప్పాడు. అవి వడగట్టడం, మరిగించడం, రసాయనం వాడటం. మనిషి శరీరాన్ని వడగట్టలేము, మరిగించలేము. మిగిలింది రసాయనం ఒక్కటే. కార్లైల్ పట్టణంలో మురుగునీటి దుర్వాసన పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని ఆయన విన్నాడు. దానిని తెప్పించి గాయాల మీద ప్రయత్నించాడు. మొదటి ప్రయత్నం ఫలించలేదు. ఆయన నిరాశ చెందలేదు.

5. పదకొండేళ్ల బాలుడు

1865 ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ల బాలుణ్ణి ఆసుపత్రికి తెచ్చారు. బండి చక్రం ఎడమకాలి మీదుగా వెళ్లి, ఎముక విరిగి, చర్మం చిట్లింది. ఆనాటి లెక్కప్రకారం అటువంటి కాలును తీసివేయవలసి రావచ్చు. లేదా బాలుడు బతకకపోవచ్చు. ఏ నిర్ణయమైనా ఆ పిల్లవాడి జీవితాన్ని మార్చేదే.

లిస్టర్ కాలు తీయలేదు. కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డను గాయం మీద పరచి, కాలు కదలకుండా బద్దలు కట్టించాడు. నాలుగు రోజుల తర్వాత కట్టు విప్పి చూశాడు. ఆపాటికి చీము, దుర్వాసన కనిపించవలసింది. కాని రెండూ లేవు. ఆమ్లం ఘాటుకు చుట్టూ ఉన్న చర్మం మాత్రం కొంచెం పొక్కింది. ఆయన మందు గాఢత తగ్గించాడు. ఆరు వారాలు దాటేసరికి ఎముక అతుక్కుంది. బాలుడు రెండు కాళ్లతో ఇంటికి వెళ్లాడు.

ఇలాంటి పదకొండు కేసుల వివరాలను లిస్టర్ 1867లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించాడు. వారిలో తొమ్మిది మంది పూర్తిగా కోలుకున్నారు. ఒకరికి కాలు తీయవలసి వచ్చింది. ఒకరు మరణించారు. జరిగింది జరిగినట్లు రాయడం ఆయన స్వభావం. 1867 నుండి 1869 వరకు ఆయన కాలో, చెయ్యో తీసిన 40 మందిలో 6 గురు మాత్రమే చనిపోయారు.

పాఠ్యభాగ ప్రశ్నలు – 1

ఖాళీలను పూరించండి.
(అ) లిస్టర్ తండ్రి .............. లోని లోపాన్ని సరిదిద్దాడు.
(ఆ) గాయం కుళ్లడానికి .............. కారణమని లిస్టర్ గ్రహించాడు.
(ఇ) గ్రీన్‌లీస్ గాయానికి లిస్టర్ .............. వాడాడు.

6. పక్కు నేర్పిన పాఠం

ఈ చికిత్సలో లిస్టర్ ఒక వింత గమనించాడు. గాయంలోని రక్తం, కార్బాలిక్ ఆమ్లం కలిసి గట్టిపడి పక్కులాగా తయారయ్యేది. దానిని ఆయన ఊడదీయలేదు. ఆ పైకప్పు కింద, కుళ్లకుండా ఉన్న రక్తపుగడ్డలోకి మెల్లగా కొత్త కండ పెరగడం చూశాడు. చిన్న గాయం మీద ప్రకృతి పక్కు కట్టి చేసే పనే పెద్ద గాయం మీద కూడా జరుగుతోందని అర్థమైంది.

దీని నుండి మరొక విషయం తెలిసింది. కార్బాలిక్ ఆమ్లం సూక్ష్మజీవులను చంపుతుంది, నిజమే. కాని కొత్తగా పుట్టే లేత కండను కూడా అది బాధిస్తుంది. మందు గాయాన్ని మాన్చదు, శత్రువును దూరంగా ఉంచుతుంది, అంతే. అందుకని ఆయన గాయానికీ, మందు కట్టుకూ మధ్య నూనె పూసిన పట్టుగుడ్డను పరచడం మొదలుపెట్టాడు. ఔషధం కూడా హద్దు దాటకూడదన్నది ఆయన నియమం. ఇప్పటికీ గాయాల చికిత్సకు ఇదే మూలసూత్రం.

7. వ్యతిరేకత, విజయం

లిస్టర్ మాటలను అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కంటికి కనిపించని క్రిములు మనిషిని చంపుతాయంటే లండన్ వైద్యులు చాలామంది నవ్వారు. ఆయన పద్ధతి శ్రమతో కూడినదని కొందరు వదిలేశారు. జర్మనీ, డెన్మార్క్ వంటి దేశాల వైద్యులు మాత్రం త్వరగా స్వీకరించారు.

1869లో ఆయన ఎడిన్‌బరోకు తిరిగి వచ్చి, మామగారి స్థానంలో ఆచార్యుడయ్యాడు. 1871లో విక్టోరియా రాణి చంకలో లేచిన గడ్డను కోసి, చీము బయటికి పోవడానికి రబ్బరు గొట్టం అమర్చి నయంచేశాడు. గొర్రె పేగు నుండి తయారుచేసే క్యాట్‌గట్ దారాన్ని క్రిమిరహితం చేసి, రక్తనాళాలను కట్టడానికి వాడాడు. అది కొన్నాళ్లకు శరీరంలోనే కరిగిపోయేది.

1877లో ఆయన లండన్‌లోని కింగ్స్ కాలేజీకి మారాడు. ఆ ఏడాది అక్టోబరులో విరిగిన మోకాలిచిప్పను తెరిచి, వెండితీగతో కలిపి కట్టాడు. చర్మం చెదరని కీలును కావాలని కోసి తెరవడం అప్పట్లో ప్రాణాపాయంగా భావించేవారు. ఆ రోగి కోలుకోవడంతో విమర్శకుల నోళ్లు మూతపడ్డాయి.

గాలిలోని క్రిములను చంపాలని లిస్టర్ కొన్నేళ్లపాటు శస్త్రచికిత్స గదిలో కార్బాలిక్ తుంపరలు చల్లించాడు. గాలికంటె చేతులు, పరికరాలు, గుడ్డల వల్లనే ఎక్కువ ప్రమాదమని తర్వాత తేలింది. ఆయన ఆ పద్ధతి మానుకుని, 1890లో బెర్లిన్ వైద్య మహాసభలో దానిని సిఫారసు చేసినందుకు అందరి ముందు విచారం వ్యక్తం చేశాడు. పరికరాలను ఆవిరిలో ఉడికించి, మొదటినుండే క్రిములు లేకుండా చూసే పద్ధతి క్రమంగా అన్నిచోట్లా వచ్చింది. దానికి పునాది లిస్టర్ వేసినదే.

1893లో ఇటలీలో ఆగ్నెస్ మరణించింది. ముప్పై ఏడేళ్ల తోడు పోవడంతో ఆయన పరిశోధన ఇంచుమించు ఆగిపోయింది. 1895 నుండి 1900 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగా పనిచేశాడు. 1897లో ప్రభువు బిరుదు లభించింది. 1912 ఫిబ్రవరి 10న తన 84వ ఏట కెంట్ ప్రాంతంలోని వాల్మర్‌లో కన్నుమూశాడు. ప్రముఖులను సమాధిచేసే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కాకుండా, తాను కోరుకున్నట్లు లండన్‌లో భార్య పక్కనే ఆయనను సమాధి చేశారు.

8. మానుతున్న గాయం ఎందుకు దురద పెడుతుంది?

లిస్టర్ కాలానికి తెలియని కొన్ని విషయాలు ఆ తర్వాత తెలిశాయి. గాయం మానడంలో నాలుగు దశలున్నాయి. మొదట రక్తం గడ్డకట్టి కారడం ఆగుతుంది. రెండవ దశలో ఎరుపు, వాపు వస్తాయి. తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను, చనిపోయిన కణాలను తొలగిస్తాయి. మూడవ దశలో కొత్త కండ, కొత్త రక్తనాళాలు పుట్టి, అంచుల నుండి చర్మం లోపలికి పాకుతుంది. నాలుగవ దశలో మచ్చ గట్టిపడుతుంది. ఈ చివరి దశ కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా సాగుతుంది. అప్పటికి కూడా ఆ చోట చర్మానికి మునుపటి బలంలో సుమారు 80 శాతమే వస్తుంది.

ఈ పని జరుగుతుండగా దురద పుట్టడానికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది: గాయం దగ్గరి కొన్ని కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఇవి రక్తనాళాలను వెడల్పు చేసి, సహాయక కణాలు అక్కడికి చేరడానికి తోడ్పడతాయి. అవే చర్మంలోని సన్నని నాడులను కూడా రేపుతాయి. ఆ కబురు వెన్నుపాము గుండా మెదడుకు చేరితే మనకు దురదగా తెలుస్తుంది.

రెండవది: తెగిన నాడులు మళ్లీ పెరుగుతాయి. కొత్త నాడులు అతి సున్నితంగా ఉండి, చిన్న తాకిడికే స్పందిస్తాయి.

మూడవది: కొత్త చర్మం పలుచగా, పొడిగా ఉంటుంది. పక్కు ఎండి బిగుసుకుని అంచులను లాగుతుంది.

గోకినప్పుడు కలిగే చిన్న నొప్పి దురదను కాసేపు మరిపిస్తుంది. కాని ఆ గీకుడుకు చర్మం మళ్లీ రేగి, దురద ఇంకా పెరుగుతుంది. పక్కు ఊడితే కొత్తగా పాకిన చర్మం కూడా దానితో వస్తుంది. గోళ్ల కింది క్రిములు లోపలికి చేరతాయి. మూసిన తలుపును మనమే తెరిచినట్లవుతుంది.

9. మనం తీసుకోవలసిన జాగ్రత్తలు

• ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గాయాన్ని ధారగా పడే శుభ్రమైన నీటితో కడగండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టుకోండి.
• మట్టి, పేడ, బూడిద, సున్నం, కాఫీపొడి వంటివి గాయంలో పెట్టకండి. ఘాటైన క్రిమిసంహారక ద్రవాలను నీరు కలపకుండా, మాటిమాటికీ పోయకండి. లిస్టర్ పట్టుగుడ్డ ఎందుకు పరిచాడో గుర్తు చేసుకోండి.
• చిన్న గాయానికి పల్చగా వాజలిన్ వంటి పెట్రోలియం జెల్లీ రాసి, శుభ్రమైన కట్టు కట్టండి. తడి ఆరిపోని గాయం మీద కొత్త చర్మం త్వరగా పాకుతుందని 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద జరిపిన ప్రయోగాల్లో నిరూపించాడు. అంటే గాయం నీళ్లలో నానాలని కాదు. కట్టు తడిసినా, మురికైనా మార్చాలి.
• పక్కును పీకకండి. దానంతట అదే రాలుతుంది. పిల్లల గోళ్లు కత్తిరించండి.
• దురద పుడితే చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను కట్టు మీద కాసేపు ఉంచండి. గాయం చుట్టూ మెల్లగా తట్టవచ్చు. తర్వాత కట్టు తడిసి ఉంటే మార్చండి. దురద భరించలేకపోతే వైద్యుని సలహాతో మందు వాడండి.
• పప్పు తింటే చీము పడుతుందని కొన్ని ఇళ్లలో మాన్పిస్తారు. ఇది సరికాదు. కొత్త కండకు మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్లు, పాలు, పండ్లు తినాలి.
• లోతైన గాయమైనా, మట్టి పట్టిన మేకు గుచ్చుకున్నా ధనుర్వాతం టీకా గురించి వైద్యుణ్ణి అడగండి. కుక్క కరిస్తే సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రతి దురదా మంచి సూచన కాదని కూడా గుర్తుంచుకోవాలి. మానే గాయంలో రోజురోజుకూ నొప్పి, ఎరుపు తగ్గుతాయి. అవి పెరుగుతున్నా, వేడిగా ఉబ్బినా, చీము లేదా దుర్వాసన వచ్చినా, ఎర్రని చార పైకి పాకినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లాలి. కట్టు అంచున ఎర్రగా పొక్కి దురద పెడితే, ప్లాస్టరో, పైపూత మందో పడకపోయి ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి గాయం తెలియకపోవచ్చు. వారు రోజూ పాదాలు చూసుకోవాలి.

10. సారాంశం

లిస్టర్ గాయంలో కుళ్లును కలిగించేది సూక్ష్మజీవులని గ్రహించాడు. వాటిని దూరంగా ఉంచితే శరీరం తన పని తాను చేసుకుంటుందని చూపాడు. మందు కూడా ఆ పనికి అడ్డు రాకూడదని తెలుసుకున్నాడు. గాయం దగ్గర పుట్టే దురద చాలావరకు ఆ పని జరుగుతోందనడానికి గుర్తు. ఆ సమయంలో మన బాధ్యత శుభ్రత, ఓర్పు.

పదాలు – అర్థాలు

పక్కు : గాయం మీద ఎండి గట్టిపడిన పొర
కటకం : వస్తువును పెద్దదిగా చూపే అద్దం
శస్త్రచికిత్స : ఆపరేషన్
మాంసకృత్తులు : ప్రొటీన్లు
ధనుర్వాతం : టెటనస్ వ్యాధి

ముగింపు ప్రశ్నలు

1. చర్మం చీలని ఎముక విరుగుడుకూ, చర్మం చీలిన దానికీ గల తేడా లిస్టర్‌ను ఎలా ఆలోచింపజేసింది?
2. నూనె పూసిన పట్టుగుడ్డను లిస్టర్ ఎందుకు వాడాడు?
3. మానుతున్న గాయం దురద పెట్టడానికి కారణాలు రాయండి.
4. మీ ఇంట్లో గాయాల విషయంలో పాటించే అలవాట్ల జాబితా తయారు చేయండి. వాటిలో ఏవి సరైనవో, ఏవి కావో ఈ పాఠం ఆధారంగా నిర్ణయించండి.

పాఠ్యభాగ ప్రశ్నలకు జవాబులు

1. (అ) సూక్ష్మదర్శిని (ఆ) సూక్ష్మజీవులు (ఇ) కార్బాలిక్ ఆమ్లం